ముఖం ఒకడిది, మాట ఇంకొకడిది

జోంబా ఊరి బస్టాండులో, చిప్స్ వేయించే పెనం ముందు అతను నిలబడి ఉన్నాడు.

తియామికే మొదట తన కళ్ళను నమ్మలేదు. పొద్దుటినుంచి దంచికొట్టిన వాన అప్పుడే సన్నబడింది. మినీబస్సుల మధ్య బురదనీళ్ళు దాటుకుంటూ ఆమె యూనివర్సిటీ హాస్టలుకి వెళ్తోంది. పై పళ్ళ మధ్య చిన్న సందు. ఎడమ కనుబొమ మీద గీతలాంటి మచ్చ. ఎన్నో రోజులపాటు ఫోనులో చూసిన ముఖమే. ఆ ముఖం ఇప్పుడు కాగితంలో చిప్స్ పెట్టించుకుని, క్యాబేజీ ఇంకాస్త వెయ్యమని అమ్మేవాణ్ణి బతిమాలుతోంది.

ఆమె విసురుగా వెళ్ళి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నా లాప్‌టాప్ ఏది?"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. "ఏంటండీ?"

"ఏంటండీ అంటావా? అడ్వాన్స్ అన్నావు, పంపాను. కొరియర్ ఖర్చన్నావు, పంపాను. ఇన్సూరెన్స్ అన్నావు, అదీ పంపాను. తర్వాత నంబరు బ్లాక్ చేశావు. ఇక్కడ తీరిగ్గా చిప్స్ తింటున్నావు."

అతని ముఖంలో రంగు పోయింది. అయితే అది పట్టుబడినవాడి ముఖంలా లేదు. ఎప్పట్నుంచో భయపడుతున్నది రానే వచ్చిందన్నట్టుగా ఉంది.

"మెల్లగా మాట్లాడండి, ప్లీజ్."

"ఎందుకు మెల్లగా?"

అప్పటికే జనం మూగారు. మినీబస్సుల్లోకి పాసింజర్లను పిలిచే కుర్రాళ్ళు వచ్చారు. ఉల్లిపాయలమ్మే ఆవిడ గంప వదిలేసి లేచింది. "ఏమైందమ్మా? ఏం తీశాడు?" అంది. వెనకనుంచి ఎవరో "దొంగేనా?" అన్నారు. ఇంకొకడు వంగి, బస్సు టైరు కింద అడ్డంపెట్టిన ఇటుక తీసి చేతిలో పట్టుకున్నాడు.

అతను ఆమె చెవిదగ్గర, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు. "పోలీస్ స్టేషన్‌కి పదండి. చొక్కా వదలకండి, నేనెక్కడికీ పారిపోను. కానీ ఇక్కడ 'దొంగ' అన్న మాట మాత్రం అనకండి. మీరంటే నేను స్టేషన్ దాకా ప్రాణాలతో రాను."

ఆమె అతని చెయ్యి చూసింది. కాగితం ఒరిగి చిప్స్ బురదలో పడుతున్నాయి. తర్వాత ఇటుక పట్టుకున్న చెయ్యి చూసింది. పోయినేడు ఇదే బస్టాండులో ఫోను కొట్టేశాడని ఒకణ్ణి పట్టుకుని కొట్టారు. ఆమె ఇటుగా వచ్చేసరికి అంతా అయిపోయింది. రోడ్డు మీద ఒక చెప్పు మాత్రం మిగిలింది. చచ్చిపోయినవాడు నిజంగా దొంగో కాదో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

అంతా ఎదురుచూస్తున్నారు. తన నోట్లోంచి రాబోయే ఒక్క మాట కోసం.

"మా ఇద్దరి గొడవ ఇది. మీకెందుకు?" అంది.

ఉల్లిపాయలావిడ కళ్ళు చిన్నవి చేసింది. "మీ ఇద్దరి గొడవా?"

"పుట్టినరోజుకి లాప్‌టాప్ కొనిస్తానన్నాడు. కొనలేదు. ఫోను కూడా ఎత్తడం లేదు."

గుంపులో నవ్వులు మొదలయ్యాయి.

"బాబూ, కొనలేనివాడివి అంత పెద్ద మాట ఎందుకిచ్చావు? ఉల్లిపాయలు కొనిస్తానంటే సరిపోయేదిగా" అంది ఆవిడ.

"వాణ్ణి వదిలెయ్ పిల్లా, నాతో రా. లాప్‌టాప్ నావల్ల కాదుగానీ లింబే దాకా టికెట్ లేకుండా తీసుకెళ్తా" అన్నాడు మినీబస్సు కుర్రాడు.

ఇటుక మళ్ళీ టైరు కిందకి వెళ్ళింది. ఇద్దరూ జనంలోంచి బయటపడ్డారు. ఆమె చొక్కా వదల్లేదు. చూసేవాళ్ళకి అలిగిన ప్రియురాలు లాక్కుపోతున్నట్టే ఉంది.

చాలా దూరం నడిచాక అతను "థాంక్స్" అన్నాడు.

"నాకు థాంక్స్ వద్దు. స్టేషన్‌కి నడువు."

స్టేషన్‌లో బల్ల వెనక సార్జెంట్ మ్వాలే కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, ముక్కుమీద కళ్ళద్దాలు. అతన్ని చూడగానే నిట్టూర్చింది.

"మళ్ళీ వచ్చావా కొండ్వానీ? ఈసారి ఏం అమ్మావు?"

"లాప్‌టాపే మేడమ్."

"కూర్చో అమ్మా. ముందు అతని చొక్కా వదులు, చిరిగితే దానికి ఇంకో కేసు" అంది తియామికేతో.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. కొండ్వాని ఊరవతల టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన సంవత్సరం కష్టపడి సొంత లాప్‌టాప్ కొనుక్కుని, దాన్ని పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగి, దేవుడికి కృతజ్ఞతలు చెబుతూ ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఆ ఫొటోని ఎవడో ఎత్తుకుపోయాడు. వేరే పేరు, వేరే నంబరు, వేరే పేజీ. నవ్వు మాత్రం ఇతనిది. డబ్బు పోయినవాళ్ళకి గుర్తున్నది ఆ నవ్వొక్కటే. మతవాలే పేటలో ఇతని ఇల్లు కనుక్కుని వచ్చి కిటికీ అద్దాలు పగలగొట్టినవాళ్ళున్నారు.

"వీడియో కాల్ చెయ్యమన్నావా?" సార్జెంట్ తియామికేని అడిగింది.

"అన్నాను మేడమ్. కెమెరా పాడైందన్నాడు."

"కంప్యూటర్లు అమ్మేవాడికి కెమెరా పాడైంది. సరే. ఇంకొకరు కూడా అడుగుతున్నారు, తొందరగా పంపు అన్నాడా?"

"అన్నాడు."

"అంటారు. వస్తువు చేత్తో పట్టుకుని, ఆన్ చేసి, చూసుకున్నాక గదమ్మా డబ్బివ్వాలి. టమాటాలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ నొక్కి చూస్తావు కదా?" అని తియామికే ఫోను తీసుకుని మెసేజ్‌లు పైకి చదవడం మొదలెట్టింది. "'ఈరోజు పరీక్ష ఎలా అయింది? సరిగ్గా తిన్నావా? నువ్వు తినకపోతే నాకు ముద్ద దిగదు.'" కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఇది లాప్‌టాప్ బేరమేనా?"

తియామికేకి భూమి చీలి లోపలికి తీసుకుంటే బావుండనిపించింది. కొండ్వాని గోడమీద కేలండర్‌ని చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

బయటికి వచ్చేసరికి మళ్ళీ జల్లు. ఇద్దరూ స్టేషన్ వసారాలో ఆగిపోయారు.

"మీకు చాలా అన్యాయం చేశాను. ఆ గుంపులో మీకేమైనా అయ్యుంటే..." ఆమె మాట పూర్తి కాలేదు.

"బస్టాండులో 'నువ్వు' అన్నారు. ఇక్కడికొచ్చాక 'మీరు' అయ్యాను. పర్వాలేదు, ఒక్కపూటలో బాగానే ఎదిగాను."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎదురుగా అదే నవ్వు, పళ్ళ మధ్య అదే సందు. ఆ మెసేజ్‌లు చదివేటప్పుడల్లా ఆ నవ్వునే ఊహించుకునేది. ముఖం ఇతనిది, మాటలు వాడివి. ఇన్నాళ్ళూ తను ఎవరికోసం నిద్రమానుకుంది?

"ఆ మెసేజ్‌లు నేను రాయలేదు" అన్నాడు కొండ్వాని, ఆమె మనసులో మాట విన్నట్టు.

"తెలుసు."

"రాయమన్నా నాకు రాదు."

ఆ తర్వాత వాళ్ళు తరచు కలిశారు. మొదట పనిమీదే. కొండ్వాని ఫొటో పెట్టి 'ఈ ముఖం చూసి మోసపోకండి, ఇతను అమ్మేవాడు కాదు' అని విద్యార్థుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపారు. ఫొటో ఎక్కణ్ణుంచి దొంగిలించారో వెతికి పట్టుకోవడం ఆమె నేర్చుకుంది. పేజీ పుట్టి ఎన్నాళ్ళయిందో, దాన్ని పొగిడిన ఖాతాలన్నీ ఒకే రోజున తెరిచినవో కాదో చూడటం అతను నేర్చుకున్నాడు. తర్వాత తర్వాత పని అయిపోయినా లైబ్రరీ మెట్లమీద మందాసీలనే తీపి బూరెలు తింటూ కూర్చునేవారు.

అయినా భయం వదల్లేదు. కొండ్వాని ఎప్పుడూ గోడకి వీపు ఆనించే కూర్చునేవాడు. ఎవరైనా తన ముఖం వైపు కాస్త ఎక్కువసేపు చూస్తే టోపీ కిందికి లాక్కునేవాడు. చర్చిలో పాడటం మానేశాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు రోజుకో దారి.

"అమ్మ ఎవరికీ తలుపు తియ్యదు. పాలవాడికి కూడా. కొత్త గొంతు వింటే పొయ్యి ఆర్పేసి, ఇంట్లో ఎవరూ లేనట్టు కూర్చుంటుంది" అన్నాడోసారి.

తియామికే భయం వేరు. అతని దగ్గర్నుంచి మెసేజ్ వస్తే గుండె దడదడలాడేది. అది సంతోషమో హడలో ఆమెకే తెలిసేది కాదు. ఒకరోజు పైకే చెప్పేసింది.

"మీరు రాసినవి నమ్మలేకపోతున్నాను. మీరు రాసినా, ఎవరు రాసినా."

"అయితే రాయను" అన్నాడు. మర్నాటి నుంచి ఏదైనా చెప్పాలంటే నడిచే వచ్చేవాడు. వానలో తడిసి వచ్చి, "క్లాసు బాగా జరిగింది" అని చెప్పి, మళ్ళీ తడుస్తూ వెళ్ళిపోయేవాడు.

ఆమె గదిలోనే ఉండే లోనెస్ కిటికీలోంచి ఇదంతా చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. "ఇతను నిన్ను ప్రేమిస్తున్నాడో, రిపోర్టు ఇస్తున్నాడో అర్థం కావట్లేదే."

ఆ లోనెస్సే ఒక మధ్యాహ్నం గదిలో కనిపించలేదు. తియామికే క్లాసు నుంచి వచ్చేసరికి ఫోనులో మెసేజ్ ఉంది. 'సెకండ్‌హ్యాండ్ ఫోను చూశాను. అమ్మేది ఆడమనిషే, భయం లేదు. నువ్వు చెప్పినట్టే ముందు డబ్బు పంపలేదు. చేతికి తీసుకున్నాకే ఇస్తా. వాళ్ళ తమ్ముడు కొండరోడ్డు మలుపు దగ్గరకి తెస్తాడట.'

దానికింద ఆ అమ్మే మనిషి పంపిన మాటల ఫొటో కూడా పెట్టింది. అందులో చివరి వాక్యం తియామికేకి కంఠతా వచ్చు.

'ఒక్కదానివే రా తల్లీ. సరిగ్గా తిన్నావా? నువ్వు తినకపోతే నాకు ముద్ద దిగదు.'

లోనెస్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే అసలు కలవనే లేదు. ఊరి పక్కనున్న ఆ కొండమీద సిగ్నల్ ఉండదు. తియామికే సార్జెంట్‌కి ఫోను చేసింది. తర్వాత కొండ్వానికి.

"మీరు వెళ్ళకండి. పోలీసులు చూసుకుంటారు" అన్నాడు.

"వాళ్ళొచ్చేలోగా అది అక్కడ ఒక్కతే ఉంటుంది."

అవతల అతను తలుపు వేసిన చప్పుడు వినిపించింది. "నేనూ బయల్దేరుతున్నాను. నేను వచ్చేదాకా మీరు ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు."

అద్దె మోటర్‌సైకిల్ ఆమెను సగం కొండ ఎక్కించి, ఇక పొగమంచులో పైకి రానని దింపేసింది. అక్కణ్ణుంచి పరుగు. పైన్ చెట్ల మధ్య దారి తప్ప ఏమీ కనిపించడం లేదు. తన ఊపిరి, ఆకులమీంచి జారే నీటిచుక్కలు తప్ప ఏమీ వినిపించడం లేదు.

మలుపు తిరగ్గానే లోనెస్ కనిపించింది. బ్యాగు రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడింది. ఎదురుగా మోటర్‌సైకిల్ మీద ఒకడు. కాస్త అవతల చెట్టుకి ఆనుకుని ఇంకొకడు.

"లోనెస్, వార్డెన్ పిలుస్తోంది. పద" అంది తియామికే. గొంతు మామూలుగానే వచ్చింది, ఎలా వచ్చిందో తెలియదు.

మోటర్‌సైకిల్ మీదవాడు తాపీగా తల తిప్పాడు. "నువ్వెవరు?"

"దాని ఫ్రెండ్‌ని."

"ఒక్కదాన్నే రమ్మన్నాంగా. సరే, వచ్చావు కదా, నీ బ్యాగు కూడా ఇలా ఇవ్వు."

చెట్టు దగ్గరవాడు కదిలాడు. వచ్చి తియామికే మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. అరిస్తే వినేవాళ్ళు లేరని తెలిసినవాడిలా పట్టుకున్నాడు. లోనెస్ ఏడవడం మొదలెట్టింది.

అప్పుడు కింద మలుపులోంచి ఎవరో రొప్పుతూ పైకి వచ్చారు. తలమీద టోపీ లేదు.

మోటర్‌సైకిల్ మీదవాడు అటు చూసి బిగుసుకుపోయాడు. నోరు తెరుచుకుంది. నెలల తరబడి తను అందరికీ పంపిన ముఖం, తను అద్దంలో తన ముఖం కంటే ఎక్కువగా చూసిన ముఖం, పొగమంచులోంచి తనవైపే నడిచి వస్తోంది.

"గుర్తుపట్టావు కదా" అన్నాడు కొండ్వాని. "నువ్వెవరో నాకు తెలీదు. నేను మాత్రం నీకు బాగా తెలుసు."

రెండోవాడు తియామికే చెయ్యి వదిలేశాడు.

ఇంతలో పైనుంచి మాటలు వినిపించాయి. తలలమీద కట్టెల మోపులతో ఆడవాళ్ళు వరసగా దిగి వస్తున్నారు. నడుముల్లో కత్తులు దోపుకుని ఉన్నారు. ముందున్న పెద్దావిడ ఆగింది. ఏడుస్తున్న లోనెస్‌ని చూసింది, మగవాళ్ళని చూసింది.

"ఏం జరుగుతోందిక్కడ? ఎవరు వీళ్ళు? దొంగలా?"

వెనకవాళ్ళు మోపులు దించడం మొదలెట్టారు. మోటర్‌సైకిల్ మీదవాడి ముఖంలో రంగు పోయింది. తియామికే ఆ ముఖం చూసింది. బస్టాండులో చిప్స్ పెనం ముందు కొండ్వాని ముఖం అచ్చం ఇలాగే ఉంది.

పెద్దావిడ కొండ్వాని వైపే చూస్తోంది. ఒక్క మాట చాలు. అతను తలాడించినా చాలు.

"ఈ అమ్మాయిలు దారి తప్పారమ్మా" అన్నాడు అతను నెమ్మదిగా. "మీతోపాటు కిందికి తీసుకెళ్తారా? చాలా భయపడిపోయారు."

ఈలోగా తియామికే ఫోను పైకెత్తి ఆ ఇద్దరి ముఖాలూ, బండి నంబరూ ఫొటో తీసింది. వాళ్ళు బండి తిప్పి కొండదిగువకి దూసుకుపోయారు. కింద అటవీశాఖ గేటు దగ్గర సార్జెంట్ మ్వాలే జీపు రోడ్డుకి అడ్డంగా ఆగి ఉన్న సంగతి వాళ్ళకి తెలియదు.

కట్టెల మోపుల మధ్య ముగ్గురూ దిగి వచ్చారు. పెద్దావిడ లోనెస్ చెయ్యి పట్టుకుని, ఫోన్లు చెట్లకి కాస్తాయా, కొండమీద కొనుక్కోవడానికి, అని దారిపొడవునా చీవాట్లు పెట్టింది. లోనెస్ ఏడుస్తూనే తల ఊపింది.

తియామికే వెనకపడి అడిగింది. "ఎందుకు చెప్పలేదు? నీ బతుకు నాశనం చేసినవాడు."

"'దొంగ' అన్న మాట మీద పడబోతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నాడు కొండ్వాని. "జైలుకి వెళ్ళనీ. నావల్ల చావడం నాకొద్దు."

దారి జారుడుగా మారింది. అతను చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది.

స్టేషన్‌లో వాంగ్మూలాలు ఇవ్వడానికి బెంచీమీద ఎదురుచూస్తూ కూర్చున్నారు. పోయిన డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దని సార్జెంట్ ముందే చెప్పేసింది. దొరికిన ఇద్దరి వెనక ఇంకెంతమంది ఉన్నారో కూడా తెలియదంది. లోనెస్ గోడకి తల ఆనించి నిద్రపోయింది.

"కొండమీద మళ్ళీ 'నీ' అన్నారు" అన్నాడు కొండ్వాని.

"భయంలో అనేశాను."

"భయం పోయాక కూడా అనొచ్చు." కాసేపు తన చెప్పులు చూసుకున్నాడు. "నాకు మంచి మాటలు రావు. వాడికున్నంత తెలివి లేదు ఆ విషయంలో. కానీ..."

"మంచి మాటలు నాకొద్దు. వాటికి ఓసారి డబ్బు కట్టాను."

"అయితే వచ్చి చూసుకోండి. ఇల్లు చూడండి, అమ్మని చూడండి, పక్కింటివాళ్ళని అడగండి. అన్నీ చూశాక చెప్పండి."

"ఆన్ చేసి చూడొచ్చా?"

"చూడొచ్చు. బ్యాటరీ మాత్రం పాతదే."

ఆమె నవ్వింది. ఈసారి ఆ నవ్వు సగంలో ఆగలేదు. "ఎప్పుడొస్తానో చెప్పను. చెప్పి వస్తే ఇల్లు సర్దేస్తావు."

అన్నట్టే చెప్పకుండా వెళ్ళింది. ఆదివారం, చర్చి వదిలాక, మతవాలేలో అడుగుతూ అడుగుతూ. పక్కింటావిడ ఆమెను ఎగాదిగా చూసి, అదిగో అని చెప్పి, తను కూడా గుమ్మంలో నిలబడింది. ఒక కిటికీకి అద్దం బదులు అట్ట కొట్టి ఉంది. లోపల్నుంచి కూర వాసన వస్తోంది. తలుపు తట్టగానే గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మళ్ళీ తట్టింది. చాలాసేపటికి సన్నని గొంతు వచ్చింది.

"మా అబ్బాయి ఏమీ అమ్మలేదు తల్లీ. పోలీసులు కాగితం కూడా ఇచ్చారు. కావాలంటే కిటికీలోంచి చూపిస్తాను. మమ్మల్ని ఏమీ చెయ్యకండి."

పెద్దవాళ్ళ ముందు మర్యాదకి చేసినట్టే తియామికే మూసిన తలుపు ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"నేను వస్తువు కోసం రాలేదమ్మా."

"మరి దేనికి?"

"మీ అబ్బాయి కోసం వచ్చాను."

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు. "వాడేం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదమ్మా. అడగడం కూడా సరిగ్గా చేతకాలేదు. అందుకే నేనే వచ్చాను."

గడియ తీసిన చప్పుడు, ఆ తర్వాత ఇంకో గడియ. తలుపు కొంచెంగా తెరుచుకుంది. పొట్టి మనిషి, భుజాన తువ్వాలు, పళ్ళ మధ్య అదే సందు. ఆమె తియామికేని తలనుంచి పాదాల దాకా చూసింది. వీధి ఈ చివరా ఆ చివరా చూసింది. ఇంకెవరూ లేరు. అప్పుడు వంగి, చెయ్యి పట్టుకుని లేపింది.

"లోపలికి రా. వాడు ఉప్పు కోసం వెళ్ళాడు" అంది. "వాడొచ్చేలోగా వాడిలో లోపాలన్నీ చెప్పేస్తాను. రేపు మోసపోయానని నువ్వు కూడా నా తలుపు తట్టకూడదు."